థిసిల్ క్రీక్ ఆఖరి సీసా

ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, చర్చికి వేసుకెళ్ళిన కోటు కుర్చీకి తగిలించి, కల్నల్ లీలండ్ స్టిడమ్ గ్లాసులో రెండు వేళ్ళ మందాన బోర్బన్ విస్కీ పోసుకున్నాడు. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న భార్యకి వినబడేలా, "ఇది సంపాదించడానికి నా జుట్టంతా ఊడింది, తెలుసా?" అన్నాడు. ఆవిడ నవ్వుకుంటూ వచ్చేసరికి ఆయన తల బల్ల మీద వాలిపోయి ఉంది. అంబులెన్సుకి ఫోన్ చెయ్యడానికి ఆవిడ హాల్లోకి పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. బల్ల మీద గ్లాసు ఉంది, సీసా లేదు.

"గ్లాసులో విషం ఉంది. సీసా జాడ లేదు," అంది గూఢచారి శాఖ చీఫ్ ఆర్డిత్ ఓడెల్.

లూయీవిల్‌లో గేలాలూ ఎరలూ అమ్మే కొట్టు వెనక గది ఆమె ఆఫీసు. ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ వెర్నన్ క్రీచ్ కూర్చోలేదు. ఆమె కూర్చోమంటేనే కూర్చోవాలి. ఆమె ఎవరినీ కూర్చోమనదు.

"వాల్డోవియా దేశపు గూఢచారి ముఠా పనేనా, మేడమ్?"

"వాళ్ళే. మన జలాంతర్గాముల కోడ్‌లో సగం కల్నల్ బుర్రలో ఉండేది. ఆ సగం పోయింది. మిగతా సగం డాక్టర్ మెరిల్ పోగ్ బుర్రలో ఉంది. ఆయన కూడా పోతే, సముద్రంలో ఉన్న మన పడవలన్నీ ఒక్కసారిగా చెవిటివైపోతాయి. ఇంకొకరికి నేర్పించేదాకా ఆయన బతకాలి."

"అయితే ఆయన్ని ఓ గదిలో పెట్టి తాళం వేద్దాం."

"చెప్పి చూశాం. బోర్బన్ కాచే డ్రూరీ డిస్టిలరీలో, రుచి చూసి తన పీపా ఎంచుకునే వంతు ఆయనకి ఈ శనివారం వచ్చిందట. దానికోసం ఏళ్ళ తరబడి కాచుకున్నాడట. యుద్ధం వచ్చినా సరే వెళ్తానన్నాడు."

క్రీచ్ ఆశ్చర్యపోలేదు. అతను ఆ డిస్టిలరీ ఉన్న నెల్సన్ కౌంటీలోనే పుట్టాడు. మంచి పీపా మాట వినబడితే పెళ్ళి పందిట్లోంచి లేచిపోయే మనుషులు అతనికి తెలుసు.

"ముఠాలో మన మనిషి ఒకామె ఉంది," అంది చీఫ్. "జెనీవా మాడక్స్. అరుదైన సీసాలు వెతికిపెట్టే బ్రోకర్. పాత కొట్లూ, చచ్చిపోయినవాళ్ళ అటకలూ గాలించి ఎక్కడెక్కడివో పట్టుకొస్తుంది. ముఠా తన మనిషే అనుకుంటోంది. మనం కూడా మన మనిషే అనుకుంటున్నాం."

"నమ్మొచ్చా?"

"నేను నా కుక్కనే పూర్తిగా నమ్మను, క్రీచ్."

ఆమె సొరుగులోంచి రెండు వస్తువులు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి పెన్ను. దాని వెలుతురు పడితే కొత్త కాగితం నీలంగా మెరుస్తుంది, పాత కాగితం మెరవదు. రెండోది ఉంగరం. దాని తెల్ల రాయికి ఆ విషం తగిలిందంటే నల్లబడుతుంది.

*

శనివారం ఉదయం బార్డ్స్‌టౌన్‌లో ఓ టిఫిన్ హోటల్లోకి, పెద్ద టోపీ, పెట్టుడు మీసం, పాము తోలు బూట్లతో ఓ టెక్సస్ చమురు వ్యాపారి అడుగుపెట్టాడు. క్రీచ్‌ని వాళ్ళమ్మ చూసినా గుర్తుపట్టేది కాదు. చూసి ఉంటే ఆ బూట్లకి నవ్వేది.

కిటికీ పక్కన ఒంటరిగా కూర్చున్నామె యాభై ఏళ్ళదయినా హోటల్లో సగం మెడలు ఆమెవైపే తిరిగి ఉన్నాయి. ఎర్ర సిల్కు స్కార్ఫు, ముత్యాల చెవిపోగులు. ముందు ప్లేట్లో ఉప్పు పట్టించిన పంది మాంసం, మెత్తటి బిస్కెట్ రొట్టెలు, గ్రేవీ. పక్క కుర్చీలో దిట్టమైన తోలు సంచి.

"ఈ వానకి అడవిలో పుట్టగొడుగులు మొలిచాయంటారా?" అన్నాడు క్రీచ్.

"మా వైపు వాటిని మెట్ట చేపలంటాం," అంది ఆమె. కోడ్ కలిసింది. "కూర్చో అబ్బాయ్. ఆ మీసం కొంచెం కిందికి జారింది, సర్దుకో."

క్రీచ్ మీసం సర్దుకుని కూర్చున్నాడు. "విషం దేంట్లో ఉంది?"

"రాగి గొట్టంలో. పీపాలోంచి మందు పైకి తీసే గొట్టం ఉంది చూడు, మనవాళ్ళు దొంగ అంటారే, అదే. లోపల పూత పూస్తారట. పోగ్ గ్లాసు నింపేముందు గొట్టం మారుస్తారు."

"ఎవరు మారుస్తారు?"

"అది నాకు చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"ఏమో, నన్ను చూస్తే నీకు కలిగిన అనుమానమే వాళ్ళకీ కలిగిందేమో." ఆమె నవ్వింది గానీ కళ్ళు నవ్వలేదు. "నేనెందుకు ఈ పని చేస్తున్నానో మీ చీఫ్ చెప్పిందా? మా నాన్న థిసిల్ క్రీక్‌లో పీపాలు దొర్లించేవాడు. ఆ కొండ అవతలే. ఆ డిస్టిలరీ మూతబడేటప్పటికి నేను చిన్నపిల్లని. ఆయన చేతుల మీదుగా వెళ్ళిన బోర్బన్ ఊళ్ళు ఊళ్ళు తాగాయి, మా ఇంట్లో మాత్రం ఒక్క సీసా లేదు. పనివాళ్ళకి ఇచ్చేవారు కాదు. ఇన్నేళ్ళుగా ఊరూరా వెతుకుతున్నా. ఖాళీ సీసాలు దొరికాయి. నిండు సీసా ఒక్కటీ దొరకలేదు."

క్రీచ్ జాలిపడలేదు. మంచి ఏజెంటు దగ్గర మంచి కథ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. పైగా ఆమె మాట్లాడినంత సేపూ ఒక చెయ్యి ఆ తోలు సంచి మీదే ఉంది.

*

డ్రూరీ డిస్టిలరీ యజమాని హార్లన్ డ్రూరీ ఎర్రటి బుగ్గల పెద్దమనిషి. వచ్చినవాళ్ళందరి చేతులూ రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. డాక్టర్ పోగ్ పొట్టిగా, బట్టతలతో, తిరనాళ్ళకొచ్చిన పిల్లాడిలా వెలిగిపోతున్నాడు. ఆయన వెనక పర్యాటకుల వేషంలో ఇద్దరు ఏజెంట్లు కెమెరాలు తగిలించుకుని తిరుగుతున్నారు.

ఉడుకుతున్న మొక్కజొన్న పిండి వాసన దాటి అందరూ గోదాము వైపు నడుస్తుంటే, క్రీచ్‌కి ఆఫీసు పక్క తలుపు తెరుచుకోవడం కనబడింది. జెనీవా బయటికొచ్చింది. అటూ ఇటూ చూసి, తోలు సంచిని చంకలోకి లాక్కుని, ఏమీ ఎరగనట్టు గుంపులో కలిసింది.

"డ్రూరీ ఆఫీసులో ఏం పని?" అని క్రీచ్ మెల్లగా అడిగాడు.

"బాత్రూం."

"బాత్రూం ఇటుంది."

"అందుకే తొందరగా వచ్చేశా," అంది ఆమె.

గోదాములో చీకటి, చల్లదనం, కప్పు దాకా పేర్చిన పీపాల మధ్య ఓకు చెక్క తీపి వాసన. డ్రూరీ మొదటి పీపా బిరడా ఊడగొట్టి, రాగి గొట్టం దించి, గ్లాసుల్లోకి వదిలాడు. క్రీచ్ ఒళ్ళంతా కళ్ళు చేసుకున్నాడు. గొట్టం మారలేదు. పోగ్ గ్లాసు నిండగానే క్రీచ్ అడ్డంగా చెయ్యి పెట్టి, "మా టెక్సస్‌లో ముందు అతిథి వేలు ముంచుతాడు," అని ఉంగరం వేలు ముంచేశాడు.

"మీ టెక్సస్‌లో పశువులు కూడా ఇలాగే తాగుతాయా?" అన్నాడు పోగ్ గ్లాసు మార్చుకుంటూ.

రాయి తెల్లగానే ఉంది. రెండో పీపా దగ్గర కూడా అంతే. డ్రూరీ రెండు పీపాల దగ్గరా తన గ్లాసు ఖాళీ చేసి పెదవులు చప్పరించాడు. రాగి గొట్టం మాట అబద్ధం. జెనీవా తనని కావాలని తప్పుదారి పట్టించింది. క్రీచ్ వెనక్కి తిరిగి చూశాడు. ఆమె లేదు.

"ఆ ఎర్ర స్కార్ఫు ఆవిడేది?"

"తలనొప్పిగా ఉందని ఇప్పుడే కారెక్కింది," అన్నాడు కెమెరా ఏజెంటు.

అదే సమయానికి డ్రూరీ చప్పట్లు కొట్టాడు. పనివాడు వెండి పళ్ళెంలో ఒక పాత సీసా తెచ్చిపెట్టాడు. వెలిసిన లేబులు మీద థిసిల్ అనే ముళ్ళపువ్వు బొమ్మ. పోగ్ నోరు తెరుచుకుంది.

"థిసిల్ క్రీక్," అన్నాడు గుడిలో మాట్లాడుతున్నట్టు.

"నాకు తెలిసి నిండు సీసా ఇదొక్కటే మిగిలింది, డాక్టర్ గారూ. మీలాంటి రసికుడి కోసమే దాచాను."

డ్రూరీ సీల్ తెంచి పోగ్‌కి పోశాడు, తనకీ పోసుకున్నాడు. క్రీచ్ సిగ్గు విడిచి మళ్ళీ వేలు ముంచాడు. పోగ్ ఈసారి నిజంగానే తిట్టాడు. రాయి తెల్లగానే ఉంది. క్రీచ్ తప్పుకున్నాడు. పోగ్ గ్లాసెత్తి వాసన పీల్చి, ఒక గుక్క నోట్లో తిప్పి, కళ్ళు మూసుకుని మింగాడు.

"అబ్బ, ఈ జన్మకి ఇది చాలు," అన్నాడు.

క్రీచ్ మాత్రం డ్రూరీనే చూస్తున్నాడు. డ్రూరీ గ్లాసు ఎత్తినచోటే ఆగిపోయింది. అతని కళ్ళు పోగ్ మొహం మీదున్నాయి, గడియారం మీదికి వెళ్ళాయి, మళ్ళీ పోగ్ మీదికి వచ్చాయి. పోగ్ రెండోసారి పొయ్యమని గ్లాసు చాపేసరికి అతని ఎర్ర బుగ్గలు సున్నంలా తెల్లబడ్డాయి.

"మీరు తాగలేదే?" అన్నాడు క్రీచ్.

"డాక్టరు తగ్గించమన్నాడు."

"పీపాల దగ్గర రెండుసార్లు గుటకేశారుగా. అప్పుడు డాక్టరు గుర్తురాలేదా?"

"అది పని."

"ఇది పండగ. థిసిల్ క్రీక్ గ్లాసు చేతిలో పెట్టుకుని తాగని మనిషిని ఈ కౌంటీలో నేను చూడలేదు. తాగండి."

డ్రూరీ గ్లాసుని క్రీచ్ మొహాన కొట్టి తలుపు వైపు దూకాడు. కెమెరా ఏజెంట్లిద్దరూ అతన్ని పీపాల మధ్య బోర్లా పడేశారు. జేబులోంచి చిన్న పిస్తోలు, దాని మీద వాల్డోవియా ముద్ర బయటపడ్డాయి.

"ఈ గొడవేంటి? ముందు సీసా పడిపోకుండా పట్టుకోండయ్యా," అన్నాడు పోగ్.

క్రీచ్ మొహం తుడుచుకుంటూ సీసా వైపు చూశాడు. పోగ్ చస్తాడని డ్రూరీ ఎదురుచూశాడు. అంటే అతను సిద్ధం చేసిన సీసాలో విషం ఉంది, కల్నల్ సీసాలో లాగే; ఆ సంగతి దాచడానికే దాన్ని ఎత్తుకెళ్ళారు. ఈ సీసాలో లేదు. పెన్ను తీసి లేబులు మీద వెలుతురు వేశాడు. ముళ్ళపువ్వు నీలంగా భగ్గుమని మెరిసింది. నకిలీ.

నేల మీద బోర్లా ఉన్న డ్రూరీ కూడా ఆ మెరుపు చూశాడు. "ఆ మాడక్స్ మనిషి," అని పళ్ళు నూరాడు. "అది మీ మనిషేనని తెలిసే గొట్టం కథ చెప్పాం."

క్రీచ్ అప్పుడు అర్థమైంది. ఆమె అబద్ధం చెప్పలేదు. గొట్టంలోనే విషం ఉందని నిజంగా నమ్మింది. అంటే ఆ సీసా శుభ్రమైనదని కూడా నమ్మింది. అది డ్రూరీ దగ్గరుందని ముందే పసిగట్టింది. జీవితమంతా వెతికిన సీసా. ఖాళీ సీసాకి కొత్త లేబులు అంటించి చేసిన నకిలీని ఆఫీసులో పెట్టి, అసలుది సంచిలో వేసుకుపోయింది.

తలనొప్పట.

*

వాళ్ళ నాన్న పనిచేసిన చోటికే వెళ్ళి ఉంటుంది. కొండ దాటగానే ఫోన్‌కి సిగ్నల్ పోయింది. క్రీచ్ సన్నటి రాతి దారిలో కారుని చెట్లకి రాసుకుంటూ తోలాడు. మలుపు తిరిగేసరికి థిసిల్ క్రీక్ కనబడింది. కప్పు కూలిన గోదాము, ఇటుకల్లోంచి మొలిచిన మొక్కలు. పీపాలు దించే రాతి మెట్ల మీద జెనీవా కూర్చుని ఉంది. పక్కన పై మెట్టు మీద ఆ సీసా. గ్లాసులు రెండు ఉన్నాయి. ఒకటి ఎదురుగా ఎవరూ లేని మెట్టు మీద పెట్టి ఉంది. రెండోది ఆమె చేతిలో ఉంది.

క్రీచ్ హారన్ మోగించాడు. ఆమె తలెత్తి చూసింది. సీసా లాక్కోవడానికే వస్తున్నాడనుకుంది కాబోలు, గబుక్కున గ్లాసు నోటి దగ్గరికి తెచ్చింది. అరిచినా వాగు చప్పుడులో వినబడదు. పరుగెత్తే దూరం కాదు. క్రీచ్ కారు ఆపి, తలుపు మీద మోచెయ్యి ఆనించి పిస్తోలు పేల్చాడు.

ఆమె పెదవులకీ గ్లాసుకీ మధ్య వెంట్రుకవాసి ఉంది. గ్లాసు పగిలింది. అదే గుండు వెనకనున్న సీసాని కూడా ముక్కలు చేసింది.

క్రీచ్ దగ్గరికొచ్చేసరికి ఆమె ఖాళీ చెయ్యి అలాగే గాల్లో ఉంది. "చంపేస్తా నిన్ను," అంది.

అతను వంగి, మెట్టు మీద పారుతున్న దాంట్లో ఉంగరం ముంచి ఆమెకి చూపించాడు. రాయి బొగ్గులా ఉంది.

ఆమె చాలాసేపు ఆ రాయినే చూసింది. రెండో గ్లాసుని మెల్లగా పక్కకి వొంచేసింది.

"పోగ్?"

"బతికే ఉన్నాడు. ఈ జన్మకి అది చాలన్నాడు."

"అది పెట్రోలు బంకులో కొన్న బోర్బన్." నవ్వబోయి ఆగిపోయింది. ఎండకి వేడెక్కిన మెట్టు మీద తడి పరుచుకుంటోంది. కాల్చిన పంచదార, పాత చెక్క, ఎండుగడ్డి కలిసిన వాసన లేచింది. "వాసనకి చావరుగా?"

"చావరు. లోపలికి పోతేనే."

"మా నాన్న చొక్కా వాసన," అంది ఆమె. మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది. క్రీచ్ పెట్టుడు మీసం పీకేసి, కింది మెట్టు మీద కూర్చున్నాడు. మెట్టు ఆరేదాకా ఇద్దరూ కదల్లేదు.

తిరిగి కొండెక్కగానే చీఫ్ నుంచి ఫోన్ వచ్చింది.

"ముఠా మొత్తం దొరికింది. డ్రూరీ అన్నీ కక్కేస్తున్నాడు. సీసా మార్చిందెవరు?"

క్రీచ్ అద్దంలోంచి వెనక వస్తున్న జెనీవా కారుని చూశాడు. "మన ఏజెంటే, మేడమ్. పథకం ప్రకారం."

అవతల చీఫ్ రాసుకుంటున్న చప్పుడు వినబడింది. "విషం సీసా సాక్ష్యంగా కావాలి. ఏది?"

"పగిలింది. అందులో ఉన్నది ఆవిరైపోయింది."

చీఫ్ కూడా ఈ కౌంటీలో పుట్టినదే. పీపాలోంచి ఆవిరైపోయేదాన్ని ఇక్కడ ఏమంటారో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

"అయితే దేవతల వాటా కింద రాసుకోనా?"

"దేవతలు ఇంకా బతికుంటే, అలాగే రాసుకోండి మేడమ్," అన్నాడు క్రీచ్.