నెలకి పదమూడు వందలు

"పెళ్లీ... నౌకరీ కే బాద్," అన్నాడు కౌంటరు వెనకాల కుర్రాడు, వచ్చీరాని హిందీలో.

వానలో తడిసొచ్చి, దుపట్టాతో అప్లికేషను తుడుస్తున్న కనకలత ఠక్కున తలెత్తింది. పక్కనున్న తండ్రి నరసింగరావు ముఖం ఎర్రబడింది.

"ఏటీ? సదువుకి లోనిమ్మని వొస్తే పిల్ల పెళ్లి మాటెత్తుతాడేటమ్మా ఈడు?"

కుర్రాడు కంగారుగా లేచి నిలబడ్డాడు. "అయ్యో, మీరు మనోళ్లా! పెళ్లి కాదండీ బాబూ, పెహ్లీ! మొదటి కిస్తీ ఉద్యోగం వచ్చాక కట్టాలని చెప్తున్నాను."

కనకలతకి కోపం వచ్చింది. దాని వెనకాలే నవ్వూ వచ్చింది. నవ్వు దాచుకుని కోపమే చూపించింది.

అది 1995 జులై. భిలాయ్ సెక్టర్ 7 లోని బ్యాంకు. ఆ కుర్రాడి పేరు శ్యామసుందర్. పలాస నుంచి వచ్చి రెండు నెలలైంది. నరసింగరావు స్టీల్ ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేస్తాడు, కాపురం ఖుర్సీపార్‌లో. కూతురికి నాగ్‌పూర్‌లో ఇంజనీరింగ్ సీటొచ్చింది.

"ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగా? చదివాక ఏం చేస్తారండి?" అడిగాడు శ్యామసుందర్.

"ఫ్యాక్టరీ పొగలో ఏముందో, నీళ్లలో ఏం కలుస్తోందో కొలుస్తాను. తగ్గించే దారి చూస్తాను."

"దానికి జీతం ఎవరిస్తారు?"

"మా అమ్మ ఆరేసిన బట్టలు ఎండాక మళ్లీ మసి దులుపుతుంది. పొగకి దూరంగా సెక్టర్లో ఉండే మీకేం తెలుసు?"

"నేనుండేదీ ప్లాంటు పక్కనే, క్యాంప్ 2లో. నా చొక్కాలూ దులుపుకుంటున్నాను. అది కాదండి, ఎంతొస్తుందో తెలీకుండా అప్పెలా చేస్తారు?"

ఆ ప్రశ్న కనకలతని పొడిచింది.

నాలుగు రోజులు తిరిగింది. ప్లాంటులో ఒక ఇంజనీరునడిగింది. నాగ్‌పూర్ కాలేజీలో చదివి రాయ్‌పూర్‌లో పనిచేస్తున్న ఇద్దరు సీనియర్లనడిగింది. ఐదో రోజున కాగితం తెచ్చి అతని ముందు పెట్టింది.

"మెకానికల్ వాళ్లకి మొదట్లో నాలుగున్నర వేలు. మాకు మూడు వేల రెండొందలు. తక్కువే. దాచలేదు."

ఆ 'దాచలేదు' దగ్గరే శ్యామసుందర్ పడిపోయాడు. పడ్డట్టు కనిపించకుండా పెన్ను తీశాడు.

చదువుకి మొత్తం అరవై వేలవుతుంది. నరసింగరావు తన పీఎఫ్ డబ్బంతా తీసేద్దామనుకుంటున్నాడు.

"అది ముట్టుకోకండి. మీరు రిటైరయ్యాక ఏం తింటారు?" అన్నాడు శ్యామసుందర్. "పదిహేను వేలు మీ జీతంలోంచి నాలుగేళ్లలో సర్దండి. నలభై ఐదు వేలు లోను. చదువయ్యేసరికి వడ్డీతో యాభై ఎనిమిదిన్నర వేలవుతుంది. ఐదేళ్లలో తీర్చాలంటే నెలకి పదమూడు వందలు."

"అంటే చేతిలో పంతొమ్మిది వందలు మిగుల్తాయి," అంది కనకలత. "బతకొచ్చా?"

"మా అమ్మకి పంపగా నాకు మిగిలేది అంతేనండి. బతికే ఉన్నాను కదా."

ఈసారి ఆమె నవ్వు దాచుకోలేదు.

కానీ వారం తర్వాత కనకలత హామీ కాగితాలు పట్టుకొస్తే, శ్యామసుందర్ తలెత్తలేదు.

"మీ ఫైలు ఇక నేను చూడనండి. ఆ టేబుల్ దగ్గరికెళ్లండి."

"క్యోఁ? ఏమైంది?"

"అంతేనండి."

"మత్లబ్... నేను తీర్చలేనని మీ భయమా?"

అతను ఆ టేబుల్ వైపు చెయ్యి చూపించాడు. ఆమె కాగితాలు దాని మీద పెట్టేసి, గొడుగు విప్పడం కూడా మర్చిపోయి వానలోకి వెళ్లిపోయింది.

లోను మంజూరైంది. కనకలత నాగ్‌పూర్ నుంచి దీపావళి సెలవులకి వచ్చేసరికి అతను దుర్గ్ బ్రాంచికి బదిలీ అయిపోయాడు. మంచిదే అనుకుంది. అలా అనుకోడానికి చాలా కష్టపడింది.

1999 ఆగస్టులో కనకలత మొదటి కిస్తీ కట్టడానికొచ్చింది. రాయ్‌పూర్‌లో ఫ్యాక్టరీల పొగ, మురుగునీరు పరీక్షించే కంపెనీలో ఉద్యోగం. బ్యాంకు మేనేజరు రామచంద్రరావు ఆ నెలే రిటైరవుతున్నారు. ఆమెని లోపలికి పిలిచారు.

"జీతం ఎంతమ్మా?"

"మూడు వేల ఎనిమిదొందలండి."

"హమ్మయ్య! దుర్గ్‌లో ఒకడు ఊపిరి పీల్చుకుంటాడు."

"ఎవరండీ?"

"శ్యామసుందర్. అప్పట్లో నీ ఫైలు తెచ్చి నా ముందు పెట్టాడు. 'ఈ అమ్మాయంటే నాకిష్టం సార్. నేను చూస్తే, మొహం చూసి లోనిచ్చారంటారు రేపు. వేరేవాళ్లకివ్వండి' అన్నాడు. కనిపించినప్పుడల్లా ఒకటే ప్రశ్న, ఆ పిల్లకి ఉద్యోగం వచ్చిందా అని."

కనకలత రసీదు తీసుకోవడం మర్చిపోయి బయటికొచ్చి, దుర్గ్ వెళ్లే టెంపో ఎక్కేసింది.

బ్యాంకు మూసే వేళ. ఆమెని చూసి శ్యామసుందర్ చేతిలోని తాళాలు కింద పడేశాడు.

"ఏటండి, ఇలా వచ్చారు? కిస్తీ ఏమైనా..."

"కట్టేశాను. నాలుగేళ్లుగా మిమ్మల్ని తిట్టుకుంటున్నాను, మాలూమ్?"

"ఎంత తిట్టారు?"

"హిందీలోనూ తెలుగులోనూ. అప్పుడే ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"మీకు లోను కావాలి. ఆ ఫైలు నా చేతిలో ఉంది. అప్పుడు చెప్తే మీరు కాదనగలరా?"

ఆమె గొంతు తగ్గింది. "ఇప్పుడు మీ చేతిలో ఏమీ లేదు కదా?"

"లేదండి."

"అయితే ఇప్పుడు చెప్పండి."

"మీరంటే ఇష్టమండి. అప్పుడూ, ఇప్పుడూ."

బయట చినుకులు మొదలయ్యాయి.

"నాకింకా ఐదేళ్ల అప్పుంది."

"ఆ కిస్తీలు నేను..."

"వద్దు. నా సంతకం, నా కిస్తీ."

"సరే. ఇంటద్దె నాది."

"సగం సగం," అంది కనకలత. అన్న తర్వాతే తెలిసింది, పెళ్లికి ఒప్పేసుకున్నానని. ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

ఆదివారం శ్యామసుందర్ ఖుర్సీపార్ వచ్చాడు. నరసింగరావు అంతా విన్నాడు. కనకలత వంటింటి గుమ్మం దగ్గరే నిలబడింది.

"నాకొకటే బెంగ బాబూ. అప్పున్న పిల్లని తెచ్చేవని రేపు మీ అమ్మ అంటాదేమో."

"అమ్మకి నిన్ననే ఫోన్ చేసి చెప్పానండి, ఎంతుందో, ఎన్నేళ్లు కడుతుందో. 'కష్టపడి చదివిన పిల్లరా, ముందు నువ్వు సరిగ్గా ఉండు' అంది."

నరసింగరావు గోడకి చేరగిలబడ్డాడు. భుజాలు రెండూ ఒక్కసారిగా వదులయ్యాయి. నాలుగేళ్లలో తండ్రి అలా కూర్చోవడం కనకలత చూడటం అదే మొదటిసారి.

"ఒలే గౌరీ," అని భార్యని కేకేశాడు, "అల్లుడొచ్చి గంటయింది. అన్నం ఎట్టవే!"