వాగు దారి ఫిర్యాదు

పవర్ కంపెనీ ఫిర్యాదుల విభాగంలో చేరిన రెండో రోజే అతనికి చీవాట్లు పడ్డాయి.

"మా ఫిర్యాదు పరిష్కారమైపోయిందని మెసేజ్ పంపారు. ఎవరు పరిష్కరించారు? మీరేనా?"

ఎదురుగా డ్రైవింగ్ స్కూల్ టీషర్టులో ఒక అమ్మాయి. పక్కనే, చేతికి కట్టుతో వాళ్ళమ్మ. కంపెనీ గోడ కట్టి, కాలనీవాళ్ళు వాగుకు వెళ్ళే దారి మూసేసింది. ఇదేమిటని అడిగితే గార్డులు తోసేశారు. ఆవిడ చెయ్యి విరిగింది.

"నేను కొత్తగా వచ్చానండీ..."

"నేనడిగింది మీ సీనియారిటీ కాదు!"

అతనికి నవ్వొచ్చింది. బలవంతాన ఆపుకున్నాడు.

"కూర్చోండమ్మా. మొదట్నుంచీ చెప్పండి."

"ఇక్కడ నన్ను కూర్చోమన్నది నువ్వే బాబూ," అందావిడ.

మర్నాడే కాలనీకి వెళ్ళాడు. ఆ అమ్మాయి గోడ చూపిస్తుండగా వాన అందుకుంది. ఇద్దరూ ఓ రేకుల షెడ్డు కిందికి పరిగెత్తారు.

"గొడుగు తెచ్చుకోలేదా ఆఫీసర్ గారూ?"

"మీ తిట్లకే సిద్ధపడి వచ్చాను. వాన సంగతి తెలీదు."

ఆమె పకపకా నవ్వింది. తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంటూ అతనివైపు చూసింది. అంతే, అతని కొంప మునిగింది.

వాళ్ళనెవరినీ కలవకుండానే ఆఫీసులో ఫిర్యాదు మూసేశారని తేలింది. అతను దాన్ని మళ్ళీ తెరిపించాడు. కాలనీలో ఇంటింటికీ తిరిగి, ఆ గొడవ చూసినవాళ్ళతో మాట్లాడాడు. వారం తర్వాత మాత్రం మేనేజర్ ముందు నిలబడ్డాడు.

"ఈ కేసు నేను చూడకూడదు సార్. బయటివాళ్ళతో విచారణ చేయించండి."

మేనేజర్ చిరాకుపడ్డాడు. అతను పట్టు వదలకపోయేసరికి ఒప్పుకున్నాడు.

ఆ సంగతి తెలిసి ఆమె ఫోన్ చేసింది.

"భయపడ్డారా?"

"కాదండీ. విచారణ అయ్యాక చెబుతాను."

"అక్కర్లేదు!" టక్కున పెట్టేసింది.

రిటైరైన జడ్జి ఒకాయన కాలనీ బడిలోనే కూర్చుని అందరి మాటా విన్నారు. తప్పు కంపెనీదేనన్నారు. గోడ పగలగొట్టి దారి తెరిచారు. ఆ గార్డుల్ని తీసేశారు. కంపెనీ పెద్దాయన ఇంటికొచ్చి ఆవిడకు క్షమాపణ చెప్పి వెళ్ళాడు.

మర్నాడు అతనొచ్చాడు. ఆమె గుమ్మంలోనే ఆపేసింది.

"ఇప్పుడెందుకొచ్చారు?"

"అప్పుడు చెప్పలేనిది చెప్పడానికి. మీమీద మనసుపడి మీ కేసు నేనే చూస్తే, మీరు గెలిచినా ఆ తీర్పు చెల్లదనేవాళ్ళు. మీ అమ్మగారికి దక్కాల్సిన న్యాయం నా వల్ల చెడకూడదు కదా."

ఆమె మెల్లగా అంది.

"ఇన్నాళ్ళూ మిమ్మల్ని తిట్టుకున్నాను."

"గట్టిగానా?"

"మరీ గట్టిగా."

"అబద్ధం బాబూ!" లోపలినుంచి వాళ్ళమ్మ గొంతు. "రోజూ నీ కబుర్లే!"

"అమ్మా!"

"నామీదెందుకు అరుస్తావు? అబ్బాయి నాకు నచ్చాడు. నీకు నచ్చాడో లేదో నువ్వే చెప్పు."

ఆమె అతనివైపు చూడకుండా, తలుపు బార్లా తెరిచింది.

"నచ్చాడమ్మా."