ముప్పై సెకన్ల మాట

షెడ్డులో నాలుగు మంటలు ఒకేసారి లేచాయి: కట్టెలు, పెట్రోలు, మరిగే నూనె, కరెంటు బోర్డు. మధ్యలో నిలబెట్టిన యంత్రం పొగను పసిగట్టింది. కట్టెల మీద నీళ్లు చిమ్మి చల్లార్చింది. పెట్రోలు మీద నురుగు దుప్పటిలా కప్పింది. నూనె మీద సన్నటి తుంపరగా ఏదో ద్రావణం చల్లితే, పైన సబ్బు మీగడలాంటి పొర కట్టింది. కరెంటు మంటకు మాత్రం కార్బన్ డయాక్సైడ్ వదిలింది. గాలి అందక మంట చచ్చింది. బోర్డు మీద చుక్క తడి లేదు.

"నాలుగూ సరిగ్గానే ఎంచుకుంది," అన్నాడు పైడిరాజు.

ఆయన విశాఖలో ఇరవై ఎనిమిదేళ్లు ఫైర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఏ మంటకు ఏ మందో మూడేళ్లపాటు ఆ యంత్రానికి నేర్పింది ఆయనే. దాన్ని తయారుచేసిన సైంటిస్టు హిమజ ఆయన్ని మాస్టారూ అని పిలిచేది.

"ఒక్కటి గుర్తుపెట్టుకో తల్లీ. ఆ గ్యాసుకి మంటయినా మనిషయినా ఒకటే, ఊపిరి తీసేస్తుంది. గంట కొట్టి, తలుపు తెరిచి, ముప్పై సెకన్లు ఆగాకే వదలాలి."

"అలాగే మాస్టారూ," అంటూ హిమజ ఆయన కళ్లముందే ప్రోగ్రాంలో రాసింది. ఆ నమ్మకంతోనే ఆయన సేఫ్టీ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాడు.

మొదటి యంత్రాన్ని ఒక డేటా సెంటర్ కొనుక్కుంది. ఆయన తనిఖీకి వెళ్లిన మధ్యాహ్నమే ఆయనున్న సర్వర్ గదిలోనే వైరు అంటుకుంది. పైడిరాజు కంగారుపడలేదు. గంట మోగుతుంది, మెల్లగా నడిచి వెళ్లిపోవచ్చు అనుకున్నాడు.

గంట మోగలేదు. తలుపు మూసుకుంది. గ్యాసు బుస్సుమంది.

పొగయితే నేలమీద పాకాలి. ఈ గ్యాసు గాలికన్నా బరువు, ముందు నేలనే నింపుతుంది. ఆయన పడుతూ లేస్తూ సర్వర్ బీరువా ఎక్కి, పైకప్పు దగ్గరి కిటికీ అద్దాన్ని మోచేత్తో పగలగొట్టి, తల బయటపెట్టాడు.

చేతికి పదకొండు కుట్లు పడ్డాయి. ఆస్పత్రికి హిమజ వచ్చింది.

"నా ముప్పై సెకన్లు ఏవమ్మా?"

ఆమె సెలైన్ సీసా వైపు చూస్తూ చెప్పింది. "సున్నా చేశాం మాస్టారూ, గంట కూడా తీసేశాం. ఆగితే సర్వర్లు కాలిపోతాయని కొన్నవాళ్లు ఒప్పుకోలేదు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే సంతకం వెనక్కి తీసుకునేవారు."

ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. మూడేళ్లు ఇంటి నుంచి రెండు క్యారేజీలు తెచ్చేవాడు, ఒకటి తనకి, ఒకటి ఈ పిల్లకి.

నెల తర్వాత ఆ ప్రమాదం మీద విచారణ రిపోర్టు వచ్చింది. మంట తొమ్మిది సెకన్లలో ఆరింది. యంత్రంలో లోపం లేదు. లోపలున్న మనిషి సొంతంగా బయటపడ్డాడు కాబట్టి, ఆగే సమయం అవసరమని రుజువు కాలేదు. ఆ రిపోర్టు చూపించి మరో పదహారు ఊళ్లలో యంత్రాలు బిగించారు.

పైడిరాజు ఆమెకి ఫోన్ చేశాడు.

"నేను ఆ గదిలోనే చచ్చిపోయుంటే, ముప్పై సెకన్లు మళ్లీ పెట్టేవారు కదమ్మా?"



"పెట్టేవాళ్లం మాస్టారూ," అంది హిమజ.