సుల్తాను ఆగే ఇల్లు

మ్దీనా కోటగుమ్మం ముందు గుర్రబ్బండి తోలే చెన్సు నోరు తెరిచాడంటే మా మాల్టా దీవి రబ్బరులా సాగుతుంది.

"ఈ గోడ చూశారా? రాళ్ళన్నీ మా సుల్తాను ముత్తాత ఒక్కడే లాగాడు," అని గుర్రాన్ని చూపిస్తాడు. టూరిస్టులు చప్పట్లు కొడతారు. గుర్రం కూడా వినయంగా తల దించుతుంది.

ఆ రోజు వెనకనించి ఓ గొడుగు అతని వీపులో పొడిచింది. రొజీనా. లైసెన్సున్న గైడు.

"గోడ అరబ్బులు కట్టారు. వాళ్ళకి ముందు రోమన్లు, వాళ్ళకి ముందు ఫినీషియన్లు. గుర్రాలు కాదు!"

"ఆ అరబ్బులు ఎక్కొచ్చింది ఎవర్ననుకున్నావ్? మా ముత్తాతనే!"

"నీ ముత్తాతా? గుర్రం ముత్తాతా?"

టూరిస్టులు పడీ పడీ నవ్వారు. చెన్సుకి పౌరుషం వచ్చేసింది.

"సరే, ఇది రాసుకో. మా దీవిలో నది లేదు, కొండ లేదు, ఈ ఆగస్టు సాంతా మరియా పండగ లోపల చుక్క వాన లేదు. పడితే నేను అబద్ధమాడను!"

"ఆగస్టులో వాన అరుదన్నారు గానీ అసలు పడదని ఎవడన్నాడు? పడితే ఒక రోజంతా నిజమే చెప్పాలి. నేను బండెక్కి కూర్చుని మరీ వింటా."

ఆ మాటకి చెన్సు గుండె సుల్తానుకన్నా జోరుగా పరిగెత్తింది. కిందటేడు ఊరి పండగలో "నువ్వంటే నాకిష్టం" అని ధైర్యం చేసి చెప్పేశాడు. ఆమె పొట్ట పట్టుకుని నవ్వి, "గుర్రం ముత్తాత కథకన్నా ఇదే బావుంది," అంది. ఆ తర్వాత మళ్ళీ చెప్పలేదు. నమ్మని మనిషికి ఎలా చెప్తాడు?

పండగ ఇంకా వారం ఉందనగా ఆఫ్రికా వైపునించి మేకపిల్లంత మబ్బు వచ్చింది. ఎడారి దుమ్ము కలిపి ఎర్రటి వాన కుమ్మేసింది. తెల్ల సుల్తాను కాస్తా ఇటుక రంగు సుల్తానయింది.

మర్నాడు రొజీనా బండెక్కింది. పక్కన సిసిలీ ముసలమ్మ ఒకావిడ.

"ఈ గోడ ఎవరు కట్టారు బాబూ?"

"అరబ్బులంట."

"ఆ చర్చి గంట ఎప్పటిది?"

"తెలీదమ్మా."

ముసలమ్మకి ఆవలింత వచ్చింది. సుల్తానుకీ వచ్చింది. రొజీనాకి మాత్రం నవ్వాగడం లేదు.

కోట పక్కనే ఉన్న రబాత్ ఊరి సందులో, పస్తిజ్జీలని జున్ను పఫ్‌లమ్మే నికోల్ కొట్టు ముందు, ఆకుపచ్చ బాల్కనీ కింద సుల్తాను దానంతటదే ఆగిపోయింది.

"గుర్రానికి పస్తిజ్జీలంటే అంత ఇష్టమా?" అంది ముసలమ్మ.

అమ్మయ్య, మంచి దారి దొరికిందని చెన్సు నోరు తెరిచాడు. రొజీనా వేలు చూపించింది. "నిజం!"

చెన్సు చెవులు టమాటాలయ్యాయి.

"కాదమ్మా. రోజూ నేనే ఆపుతా. దానికలవాటైపోయింది. ఈ ఇంట్లో ఓ పిల్ల ఉంది. బాల్కనీలో కనపడుతుందేమోనని చూస్తా. పూర్వం పెళ్ళికి సిద్ధమైన పిల్ల ఉంటే కిటికీలో పూలకుండీ పెట్టేవాళ్ళని టూరిస్టులకి చెప్తా. చెప్తూ, ఇక్కడ కుండీ ఉందేమోనని నేనే చూసుకుంటా. ఇంతవరకూ లేదు."

రొజీనా నవ్వు ఆగిపోయింది. బండి దిగి ఆ ఇంట్లోకే పోయింది.

"ఆ పిల్ల ఈ పిల్లేనా?" అంది ముసలమ్మ.

"ఈ పిల్లే. ఇంక నా పని అయిపోయినట్టే."

పైన కిటికీ రెక్కలు ధడాల్న తెరుచుకున్నాయి. ఎర్రపూల కుండీ ఒకటి కిటికీ గట్టు మీద కూర్చుంది. దాని వెనక అంతకన్నా ఎర్రగా రొజీనా మొహం.

"ఏంటి బాబూ అది?" ముసలమ్మ అడిగింది.

"పూలకుండీ అమ్మా," అన్నాడు చెన్సు, జన్మలో మొదటిసారి ఇంకో ముక్క కలపకుండా.

కొట్లోంచి రొజీనా నాన్న నికోల్ పిండి చేతులతో బయటికొచ్చి పైకి చూశాడు, కిందికి చూశాడు. "వెధవా, మీ అమ్మని తీసుకుని ఆదివారం భోజనానికి రా. కుందేలు కూర వండిస్తా. నా గుమ్మం ముందు గుర్రం లద్దె ఎన్నాళ్ళని ఊడ్చను!"

"చెన్సూ!" పైనుంచి రొజీనా అరిచింది. "రేపట్నించి నీ ఇష్టమొచ్చినట్టు కొయ్యి కోతలు. ఇప్పుడు చెప్పిందొక్కటే మార్చకు!"

చెన్సు మార్చలేదు. సుల్తాను ముత్తాత మాత్రం ఆ వారంలోనే ఇంకో రెండు కోటలు కట్టాడు.