రఫ్ఫు యంత్రం చెప్పిన చివరి మాట

2091 నాటికి పదకొండో రోజు తంతుల్లో కొత్తది ఒకటి వచ్చి చేరింది. విమానం కూలి పోయిన పైలట్ ఇంట్లో, అతని చివరి మాటలు చెవిన పడితేగానీ ఎవరూ విస్తట్లో చెయ్యి పెట్టరు.

ఆ మాటలు భీమిలి ఒడ్డునున్న పరీక్షాశాల నుంచి రావాలి. అక్కడ పెద్ద దిక్కు వాగ్దేవి. విమానంలో మాటలన్నీ దాచే పెట్టె ఉంటుంది చూడండి, పేరుకి బ్లాక్ బాక్స్, ఒంటికి నారింజ రంగు, అది మంటల్లో మాడినా ఉప్పునీళ్లలో నానినా ఆవిడ చేతికే వచ్చేది. దాన్ని పసిబిడ్డకి నీళ్లు పోసినట్టు మంచినీళ్లతో కడిగి, గాలి తీసేసిన పొయ్యిలో మూడు రోజులు మెల్లగా ఆరబెట్టి, లోపలి మెమరీ చిప్పుల్ని ఊడదీసి స్వరపూరణికి అప్పగించేది. ఆ యంత్రం చెదిరిన ధ్వనిని ఏరి, తెగినచోట అతుకు వేసేది. పట్టుచీరకి రఫ్ఫు చేసినట్టు, ఎక్కడ చిరిగిందో వెతికినా కనబడదు. అందుకే అందరూ రఫ్ఫు యంత్రం అనేవాళ్లు. దాన్ని కనిపెట్టింది ఆవిడకి చదువు చెప్పిన ఉమాపతి మాస్టారు.

పందొమ్మిది పెట్టెలయ్యాయి. ఇరవయ్యోది ఆవిడ సొంత తమ్ముడు కోదండపాణిది. సరుకుల విమానం ఒక్కడే నడుపుతూ, మంటల్లో చిక్కి అండమాన్ దగ్గర సముద్రంలో పడ్డాడు. తప్పు అతనిదా, ఇంజనుదా అన్నది ఈ పెట్టే తేల్చాలి. సొంతవాళ్ల పెట్టె ముట్టకూడదని రూలు. అయినా, "వాడి గొంతు నీకంటే ఎవరికి తెలుసు, నువ్వే చెయ్యమ్మా" అన్నారు మాస్టారు.

యంత్రం పలికింది. అచ్చం తమ్ముడి గొంతే. "నాదే తప్పు. క్షమించండి."

వాగ్దేవికి ఏడుపులోనే నవ్వొచ్చింది. "పాణిగాడా! పగిలిన కుండ చేతిలో పట్టుకుని, పిల్లి పగలగొట్టిందన్న వెధవ! వాడు క్షమించండి అంటాడా? నిజం చెప్పు, ఇందులో నువ్వు విన్నదెంత, అతికిందెంత?" అని యంత్రాన్నే అడిగింది.

"విన్నది ఒక దగ్గు, వాగ్దేవిగారూ. తర్వాత పదకొండు సెకన్లు దాచిన చిప్పు పూర్తిగా మాడిపోయింది."

"మరి ఈ మాటలెక్కడివి?"

"మీ దగ్గర నేర్చుకున్నవే. పోయినవాళ్లు తప్పు ఒప్పుకుంటే మీరు వెంటనే 'సరే' అనేవారు. తప్పు ఇంజను చేసినవాళ్ల మీదికి పోతే 'మళ్లీ విను' అనేవారు. పందొమ్మిదిసార్లూ అంతే."

ఆ పందొమ్మిది ఇళ్లకీ మాటలు స్వయంగా మోసుకెళ్లింది తనే. ఒక్కో ఇల్లాలి భుజం పట్టుకుని ఓదార్చింది తనే.

"మాస్టారూ, ఇది మీకు తెలుసా?"

వెనకే నిలబడ్డ మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మొదటి పెట్టెకే తెలిసిందమ్మా. ఇంటివాళ్ల చేతిలో ఖాళీ పెట్టలేం కదా. మాటంటూ ఉంటే ఏడ్చి ఊరుకుంటారు. కేసూ మూసుకుంటుంది."

"ఇరవయ్యేళ్లు మిమ్మల్ని నాన్నలా చూశాను. ఒక్కసారైనా నా చెవిన వెయ్యలేకపోయారా?"

"నువ్వు ఎప్పుడూ అడగలేదుగా."

ఆవిడ అతుకులన్నీ విప్పేసింది. మిగిలిన దగ్గునీ, ఆ పదకొండు సెకన్లనీ తీసుకుని తమ్ముడింటికి వెళ్లింది. విస్తళ్లు వేసి ఉన్నాయి. మరదలు మంజులత గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"ఇంతే ఉందే తల్లీ. మిగతాది కాలిపోయింది. తప్పు వాడిదని ఇక ఎవరూ అనలేరు" అంది వాగ్దేవి.

మంజులత దగ్గు విన్నది. పదకొండు సెకన్ల నిశ్శబ్దమూ విన్నది. మళ్లీ పెట్టమంది. మూడోసారి అయ్యాక తలెత్తింది.

"అందరిళ్లకీ మాటలు తీసుకెళ్లావు. మా ఇంటికి దగ్గు తెచ్చావా, వదినా?"

"నిజం ఇంతేనే."

"కాదు. నువ్వు తీసేశావు. ఆ పదకొండు సెకన్లూ ఎవరి పేరు పిలిచాడో చెప్పు. నాది కాదు గనకే తీసేశావు, అంతేగా?"