కోల్డ్ రూమ్‌లో దాయాది

"పురుగుల మందు పేరుతో చావును చల్లబోతున్నారు," అంటూ బాస్ రెండు ఫొటోలు బల్ల మీదికి తోశాడు. "రెండూ బ్యాక్టీరియాలే. ఒకటి పైరు తినే పురుగును చంపుతుంది, రెండోది మనిషిని. ఒకే వంశం, ఒకే మొహం. దాయాదులన్నమాట. విదేశీ ముఠా మొదటిదాని డబ్బాల్లో రెండోదాన్ని నింపింది. మధ్యాహ్నం స్ప్రే విమానాలు లేస్తాయి."

"ఆపెయ్యండి సార్."

"రుజువేదీ? మన ల్యాబే అది మంచిదని సర్టిఫై చేసింది. ఎలా చేసిందో కనుక్కో. లోపల మన ఏజెంట్ నెమలి ఉంది."

ఏజెంట్ ముంగిస కుర్చీలోంచి లేచాడు. విమానాలు మొదట చల్లేది అతని చెల్లెలి పొలం మీదే. ఆ గట్ల మీదే మేనకోడలు ఆడుకుంటుంది.

కూలర్ మెకానిక్ వేషంలో ల్యాబ్‌కు వెళ్లాడు. గేటు దగ్గర గార్డు హెచ్చరించాడు: "జాగ్రత్తన్నా! కోల్డ్ రూమ్ కాస్త వేడెక్కినా మా పెద్దమ్మకు అలారం మోగుతుంది. చేతిలో అన్నం ముద్ద ఉన్నా వదిలేసి వస్తుంది."

వరండాలో పట్టు స్కార్ఫు, ఎర్ర లిప్‌స్టిక్‌తో ఒకామె నిలబడి ఉంది.

"వాన వస్తుందా?" సంకేతం ప్రకారం అడిగాడు ముంగిస.

"గొడుగు అమ్మేశాను," అంది నెమలి. "రా, తల్లి గొట్టం చూపిస్తా."

బ్యాక్టీరియాకు పేరు పెట్టినప్పుడు ఒక నమూనాను గొట్టంలో భద్రపరుస్తారు. తర్వాత ఏది దొరికినా దాని జన్యువుల్ని ఆ తల్లితో పోల్చి చూశాకే ఫలానా జాతి అని ఒప్పుకుంటారు.

అతను కోల్డ్ రూమ్‌లోకి అడుగు పెట్టాడో లేదో, వెనక ఉక్కు తలుపు మూసుకుంది. స్పీకర్‌లో నెమలి నవ్వింది.

"తల్లి స్థానంలో దాయాదిని పెట్టేశాను బాబూ. ఇక డబ్బాలో ఉన్నది అచ్చం తల్లి పోలికే! అసలుది మురిక్కాలవలో కలిసిపోయింది. ఇద్దరి ఉప్పూ తిన్నాను. వాళ్ల ఉప్పు కాస్త ఎక్కువ తిన్నాను."

వాచీ ట్రాన్స్‌మిటర్ మూగబోయింది. తలుపుకు లోపల గడియ లేదు. తన్నాడు, భుజంతో గుద్దాడు, అరిచాడు. వేళ్లు కొయ్యబారుతుంటే అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. పాముల్ని పట్టే ముంగిస ఎలుకల బోనులో పడ్డాడు.

అప్పుడు గార్డు మాట గుర్తొచ్చింది. రెంచి తీసి కూలర్ మీద పడ్డాడు. బాగుచెయ్యడం రాదు గానీ పాడుచెయ్యడం అతనికి బాగా వచ్చు.

కాసేపటికి తలుపు భళ్లున తెరుచుకుంది. "ఎవడ్రా నా పిల్లల్ని చంపుతున్నది?" ఈ గొట్టాలన్నిటికీ కాపలా కాసే పెద్దమ్మ. చెయ్యింకా ఎంగిలిగానే ఉంది.

ముంగిస గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాడు. "అసలుది పోయింది పెద్దమ్మా. ఇక దేనితో పోలుస్తాం?"

"పోవడమేంట్రా? పేరు పెట్టాలంటే రెండు దేశాల్లో రెండు తల్లి గొట్టాలు దాచాలి. అదీ రూలు. రెండోది ఆ ముఠా దేశంలోనే ఉంది!"

ఆ దేశంలో గొట్టాలు చూసే ఆవిడ పెద్దమ్మకు పాత స్నేహితురాలు. ఫోన్ చేయగానే, పాపం, ఏమీ తెలియని ఆవిడ జన్యువుల వివరాలు పంపేసింది. డబ్బాలో ఉన్నదానితో పోలిస్తే కలవలేదు.

రన్‌వే మీద మొదటి విమానం చక్రాలు నేల విడవబోతుండగా రేడియోలో బాస్ కేక వినిపించింది. పైలట్ బ్రేకు తొక్కాడు. చెల్లెలి పొలం మీదికి విమానం లేవలేదన్న మాట విన్నాకే ముంగిస చేతిలోని రెంచి కింద పెట్టాడు.

గేటు దగ్గర బేడీలు పడ్డ నెమలి వాపోయింది: "మా వాళ్ల దగ్గరే ఇంకోటుందని నాకెవరూ చెప్పలేదే!"

"పేరు పెట్టేవాళ్లను అడగాల్సిందమ్మా," అని పెద్దమ్మ ముంగిస వైపు తిరిగింది. "నువ్వెక్కడికి? నా కూలర్ బాగుచేసి కదులు."

ఎన్నో వేషాలు వేసి ఎవరికీ దొరకని ఏజెంట్ ముంగిస, తల వంచుకుని అసలు మెకానిక్‌కు ఫోన్ చేశాడు.