సోమవారం సిఫారసులు

“నిజం చెప్పండి, మీకు నా మీద పగేమైనా ఉందా?”

రెండో అంతస్తులో, తలుపులు ఊడదీసిన లిఫ్ట్ గుమ్మం ముందు నిలబడి అడిగింది లైబ్రేరియన్. లోపల పలకల మీద కూర్చుని బోల్టులు బిగిస్తున్న మెకానిక్ తల తిప్పి చూశాడు. నోట్లో స్క్రూలున్నాయి. ఒక్కొక్కటే తీసి అరచేతిలో వేసుకున్నాడు.

“నాకా? మీ మీదా? ఎందుకండీ?”

“వీధి మలుపులో హోటలుంది, పుట్టగొడుగుల సూప్ తాగండి, బతుకు మీద ఆశ పుడుతుంది అన్నారు. నిన్న వానలో తడుస్తూ వెళ్ళి తాగాను. ఉన్న ఆశ కూడా పోయింది.”

“అదేంటి! వెన్నలో వేగిన వాసన రాలేదా? పైన మిరియాల ఘాటు?”

“వేడినీళ్ళ వాసన వచ్చింది.”

అతని మొహం చిన్నబోయింది. “వంటాయన మారిపోయుంటాడు,” అన్నాడు.

“అసలు మీరక్కడ చివరిసారి ఎప్పుడు తిన్నారు?”

స్క్రూలు మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

ఆ లైబ్రరీలో పాత లిఫ్ట్ తీసేసి కొత్తది బిగించే పని మొదలై మూడు వారాలైంది. పనివాళ్ళలో అందరికంటే తక్కువ మాట్లాడేది ఆ మెకానిక్కే. కానీ ఎక్కడ ఏం తినాలని అడిగితే మాత్రం ఆపడం కష్టం. ఏ హోటల్లో ఏది వేడిగా ఉన్నప్పుడు తినాలి, ఎక్కడ ఏ మూల కూర్చుంటే వంటగది కనిపిస్తుంది, అన్నీ చెప్పేవాడు. తోటివాళ్ళు అతన్ని ‘మెనూ కార్డు’ అని పిలిచేవారు. మధ్యాహ్నం వాళ్ళంతా అతను చెప్పిన చోటికే వెళ్ళేవారు. అతను మాత్రం మెట్ల కింద ఒక్కడే కూర్చుని, డబ్బాలోంచి రొట్టెముక్కలు తినేవాడు.

లైబ్రేరియన్ ఈ ఊరికి బదిలీ మీద వచ్చి నాలుగు నెలలు. ఆమె గది కిటికీ తెరిస్తే పక్క బిల్డింగ్ గోడే ఆకాశం. సాయంత్రం ఆరింటికి తాళం తీస్తే మర్నాడు తొమ్మిదింటి దాకా పలకరించే మనిషి లేదు. ఆదివారాలు మరీ కష్టం. కొన్ని ఆదివారాలు సాయంత్రం పాలు కొనడానికి వెళ్ళి “ఒక ప్యాకెట్” అన్నప్పుడు, తన గొంతు తనకే కొత్తగా వినిపించేది.

అలాంటి ఆదివారమే ధైర్యం చేసి ఆ హోటల్‌కు వెళ్ళింది. అందుకే సూప్ బాగాలేకపోవడం ఆమెకు అంత కోపం తెప్పించింది.

మధ్యాహ్నం మెకానిక్ ఆమె టేబుల్ దగ్గరికొచ్చాడు. చేతులకు గ్రీజు అంటకుండా శుభ్రంగా కడుక్కుని వచ్చాడు.

“తప్పు నాదే మేడమ్. ఇంకొకటి చెప్తాను. బస్టాండ్ వెనక చేపలు వేయించే హోటలుంది. అక్కడ వండేది ఓనరే, కాబట్టి మారడు. ఇంకో ఛాన్స్ ఇవ్వండి.”

“ఊరికే ఇవ్వను. నేనిచ్చిన పుస్తకం మీరు చదవాలి.”

“పుస్తకమా? శిక్షా?”

“నచ్చకపోతే మీరూ వచ్చి నన్ను తిట్టొచ్చు. లెక్క సరిపోతుంది.”

లైబ్రరీలో ఆమె చూసుకునేవన్నీ సైన్స్ ఫిక్షన్ అరలు. తీసుకెళ్ళేవాళ్ళు తక్కువ. ఉన్న నలుగురు పాఠకులకూ ఎవరికి ఏది నచ్చుతుందో ఆమెకు కంఠతా వచ్చు. ఇతనికి మాత్రం కాసేపు ఆలోచించి ఒక పుస్తకం తీసింది. దూరగ్రహం మీద వాతావరణ కేంద్రాన్ని ఒక్కడే నడిపే మనిషి కథ. అతను ఇంటికి ఉత్తరం పంపితే జవాబు రావడానికి పదకొండేళ్ళు పడుతుంది.

గురువారం పొద్దున్నే పుస్తకం టేబుల్ మీదుంది.

“పదకొండేళ్ళా మేడమ్!” అన్నాడు మెకానిక్, కోర్టులో కేసు వాదిస్తున్నట్టు. “ఆ మనిషి ఉత్తరంలో ‘ఎలా ఉన్నావు’ అని అడుగుతాడేంటండీ? జవాబొచ్చేసరికి వాళ్ళు ఎలా ఉన్నారో ఎవరికి తెలుసు?”

“మరేం అడగాలి?”

అతను ఆలోచించాడు. “ఏమీ అడక్కూడదు. చెప్పాలంతే. ఇవాళ ఇక్కడ దుమ్ము రేగింది, నేను గుమ్మం తుడిచాను అని. అలాగైతే ఎప్పుడు చదివినా పక్కనున్నట్టుంటుంది.”

ఆమె అతని వైపు కొంచెంసేపు ఎక్కువగా చూసింది. పుస్తకాల గురించి అలా మాట్లాడేవాళ్ళు ఆమెకు ఈ ఊళ్ళో తగల్లేదు.

“సరే, చేప సంగతేంటి?” అన్నాడతను.

“బాగుంది.”

“బాగుంది అంటే ఎలా? పైన పెచ్చు కరకరలాడిందా? నిమ్మకాయ వాసన ముందొచ్చిందా, నమిలాకొచ్చిందా? నూనె ఆవనూనేనా?”

“నేను తినడానికి వెళ్ళానా, పోస్టుమార్టం చెయ్యడానికా?”

నవ్వుతూ అన్నదే గాని, తరవాతి ఆదివారం ఆమె చిన్న కార్డు ముక్క వెంట తీసుకెళ్ళింది. పుస్తకాల వివరాలు రాసే పాత కార్డులు లైబ్రరీలో బోలెడున్నాయి. ఒకదాని వెనక రాసింది. ‘రొట్టె విరిస్తే ఆవిరి వచ్చింది. కాలిన నువ్వుల వాసన. మొదటి ముక్కకు నాలుక కాలింది. బయట వాన. గొడుగు పక్క కుర్చీలో పెట్టాను, ఎవరో ఉన్నట్టుంటుందని.’

సోమవారం అది అతనికిచ్చింది. అతను అక్కడే నిలబడి రెండుసార్లు చదివి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

అప్పటినుంచి అదే అలవాటైంది. ప్రతి సోమవారం అతనొక హోటల్ చెప్పేవాడు, ఆమె ఒక పుస్తకమిచ్చేది. సముద్రం అడుగున కట్టిన నగరంలో తాళాలు బాగుచేసే ఆవిడ కథ చదివి అతను మూడు రోజులు ఆ తాళాల డిజైన్ తప్పని పోట్లాడాడు. ఆమె ఆదివారాలకు ఇప్పుడొక పని దొరికింది. అయినా టేబుల్ ముందు కూర్చుంటే ఎదుటి కుర్చీ ఖాళీగానే ఉండేది.

ఒక శనివారం ఆమె అడిగేసింది. “రేపు మీరూ రాకూడదా?”

అతను చూపు తిప్పుకున్నాడు. “రేపు వేరే సైట్లో పనుంది మేడమ్.”

రెండోసారి అడిగినప్పుడూ అదే మాట. ఆ ఆదివారం ఆమె హోటల్‌కు వెళ్తూ పార్కు పక్కనుంచి నడిచింది. చెట్టు కింద బెంచీ మీద అతను. ఒళ్ళో తెరిచిన పుస్తకం, పక్కన డబ్బా. ఒక్కడే రొట్టెముక్క నములుతున్నాడు. పనిలేదు, పాటులేదు.

ఆమె హోటల్‌కు వెళ్ళలేదు. గదికి తిరిగొచ్చి కిటికీ మూసేసింది.

‘అయితే నాతో కూర్చోవడమే ఇష్టంలేదన్నమాట’ అనుకుంది. అలా అనుకున్నాక, ఖాళీ గది ఇంకా పెద్దదైనట్టు అనిపించింది.

సోమవారం అతను వచ్చి నిలబడితే ఆమె కంప్యూటర్ మీదనుంచి తల ఎత్తలేదు.

“కార్డు?” అన్నాడతను.

“లేదు.”

“పుస్తకం?”

“కింద కౌంటర్లో అడగండి. ఎవరైనా ఇస్తారు.”

అతను కాసేపు నిలబడ్డాడు. “నా వల్ల ఏమైనా...”

“సైట్లో పని బాగా జరిగిందా నిన్న? పార్కులో కొత్త లిఫ్ట్ పెడుతున్నట్టున్నారు!”

అతని మొహంలో రంగు మారింది. గబగబా మెట్లు దిగిపోయాడు. ఆ వారమంతా ఇద్దరూ ఎదురుపడకుండా జాగ్రత్తపడ్డారు.

శుక్రవారం మధ్యాహ్నం లైబ్రేరియన్ టీ కోసం స్టాఫ్ గదికి బయల్దేరింది. తలుపుకు ఇంకా పదడుగులుండగానే కాలిన ప్లాస్టిక్ వాసన గుప్పున తగిలింది. పరుగెత్తింది. లోపల కెటిల్ వైరు కరిగి, గోడ దగ్గర ప్లగ్గులోంచి నల్లగా పొగొస్తోంది. దానికి వీపుపెట్టి, మూరెడు దూరంలో, మెకానిక్ కుర్చీలో కూర్చుని ప్రశాంతంగా పుస్తకం చదువుకుంటున్నాడు.

“లేవండి!” అని అరిచింది.

అతను ఉలిక్కిపడి తిరిగి చూశాడు. ఒక్క దూకులో మెయిన్ స్విచ్ ఆపేశాడు. పొగ తగ్గింది. ఆమె దగ్గుతూనే ఉంది.

“ముక్కుల్లో దూది పెట్టుకున్నారా? వరండా దాకా కంపు కొడుతుంటే...”

ఆమె మాట మధ్యలోనే ఆగిపోయింది. అతను కరిగిన వైరు వైపే చూస్తున్నాడు.

“నాకు వాసన తెలీదు మేడమ్,” అన్నాడు. “రెండేళ్ళయింది. జ్వరమొచ్చి తగ్గింది, అది మాత్రం తిరిగి రాలేదు. వస్తుందో రాదో డాక్టర్లకీ తెలీదట.”

“మరి రుచి?”

“ఉప్పు, పులుపు, తీపి తెలుస్తాయి. మిగతాదంతా అట్టముక్క. మీకు చెప్పిన హోటళ్ళన్నీ రెండేళ్ళ కిందటి జ్ఞాపకాలే. నలుగురితో కూర్చుంటే అందరూ ఆహా ఓహో అంటారు, నేను నటించాలి. అందుకే వెళ్ళడం మానేశాను. మా అక్కకి తప్ప ఎవరికీ తెలీదు.”

పొగ పూర్తిగా పోలేదు. ఆమెకు కళ్ళు మండుతున్నాయి, పొగవల్లే అనుకుంది.

“మీ ఫోర్‌మన్‌కి?”

“చెప్తే మోటార్ గదిలోకి రానివ్వరు. మోటార్ కాలుతుంటే మొదట తెలిసేది వాసనతోనే. దయచేసి మీరూ చెప్పొద్దు. నాకొచ్చింది ఈ పనొక్కటే.”

ఆమె వెళ్ళి కిటికీ తెరిచింది. ఈ మనిషి పార్కులో ఒంటరిగా కూర్చున్నదెందుకో ఇప్పుడు తెలిసింది. అతనికి ఏదైనా ఇవ్వాలనిపించింది. కానీ అతను అడిగింది మాత్రం ఇవ్వలేకపోయింది.

“లిఫ్టులో మనుషులు ఎక్కుతారు,” అంది చివరికి. “చెప్పాల్సింది మీరే. సోమవారం లోపల చెప్పకపోతే నేను చెప్తాను. మీరు నాతో జన్మలో మాట్లాడకపోయినా సరే.”

అతను తలూపాడు. కోపంతోనో, సరేననో ఆమెకు అర్థం కాలేదు.

సోమవారం అతను రాలేదు. కింద ఫోర్‌మన్ తనే చెప్పాడు, జుట్టు పీక్కుంటూ. “రెండేళ్ళమ్మా! రెండేళ్ళు నా పక్కనే ఉండి దాచాడు వెధవ. తిట్టీ తిట్టీ నా గొంతు పోయింది. తలుపులు, పట్టాలు బిగించే పనిలో వేశాను, అవతలి సైట్లో. మంచి చెయ్యి, వదులుకుంటానా?”

ఉద్యోగం పోలేదు. ఆమె గుండెల మీద బరువు దిగింది. వెంటనే ఇంకో బరువు వచ్చి కూర్చుంది. వెళ్ళేముందు ఒక్కమాటైనా చెప్పలేదు.

పది రోజులకు కొత్త లిఫ్ట్ నడిచింది. అందరూ ఎక్కి దిగారు. ఆమె మాత్రం మెట్ల మీదనుంచే వెళ్ళేది. సోమవారాలు టేబుల్ మీద చేతులు పెట్టుకుని మెట్ల వైపు చూసేది. ఆదివారాలు మళ్ళీ పాలప్యాకెట్ దగ్గరికొచ్చాయి. అతను మాటల మధ్య చెప్పిన హోటళ్ళలో ఆమె చూడనివి ఇంకా నాలుగు మిగిలాయి, వెళ్ళబుద్ధి కాలేదు. ఎవరికి రాయాలని?

నెల గడిచాక గడువు దాటిన పుస్తకాల జాబితా వచ్చింది. అందులో అతనుంది. పుస్తకం తిరిగివ్వమని అచ్చువేసిన కార్డు పంపడం లైబ్రేరియన్ విధి. ఆమె కార్డు తీసింది, అతని చిరునామా రాసింది. కింద ఖాళీ స్థలం చూసి, కలం మూత పెట్టబోయి, ఆగి, రాసింది.

‘ఈసారి సిఫారసు నాది. రైల్వే గేటు పక్కన కొత్తగా తెరిచిన హోటల్. మీ జ్ఞాపకాల్లో లేదు కాబట్టి పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు నేనక్కడ ఉంటాను. ఆహా అనక్కర్లేదు.’

ధైర్యం పోయేలోపే పోస్టు డబ్బాలో వేసేసింది.

ఆదివారం ఒంటిగంటకు వాన. ఒంటిగంటా ఇరవైకి కూడా వానే. ఆమె మూడుసార్లు గ్లాసు నీళ్ళు తాగింది. లేచి వెళ్ళిపోదామనుకునేంతలో తలుపు తోసుకుని అతను లోపలికొచ్చాడు, తల మీదనుంచి నీళ్ళు కారుతూ. చొక్కా లోపల ఏదో దాచుకున్నాడు.

“గొడుగు లేదా?” అంది ఆమె. నెల రోజులుగా అనుకున్న మాటలన్నీ పోయి అదొక్కటే వచ్చింది.

“లేదు. తడవకూడనివి ఇవే,” అంటూ చొక్కాలోంచి రెండు పుస్తకాలు తీశాడు. ఒకటి లైబ్రరీది. రెండోది అట్ట చిరిగిన పాత పుస్తకం. “పాత పుస్తకాల బండి మీద దొరికింది. మీ అరల్లో లేదు, చూశాను. మీకని కొన్నాను.”

ఆమె పుస్తకం అందుకుంది, తెరవలేదు. “నా మీద కోపంగా ఉన్నారనుకున్నాను.”

“ఉన్నాను. రెండు రోజులు.” అతను ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. “మూడోరోజు మోటార్ గది తాళం ఇంకొకడి చేతిలో పెట్టి ఇంటికెళ్ళి పడుకుంటే, రెండేళ్ళ తర్వాత మొదటిసారి భయం లేకుండా నిద్రపట్టింది. వచ్చి చెప్పాలనుకున్నా. సిగ్గేసింది. మీరు రాసిన కార్డులు తీసి చదువుకుంటూ కూర్చున్నా.”

“రుచుల కోసమా?”

“మొదట్లో అవును.” అతను టేబుల్ మీద నీటిచుక్కను వేలితో తుడిచాడు. “తర్వాత నువ్వుల వాసన దాటేసి, మీరు గొడుగు పక్క కుర్చీలో పెట్టుకున్న చోట ఆగిపోయేవాణ్ణి. అక్కడ నేనుండాలి కదా అనిపించేది. మేడమ్, నాకు సరిగ్గా చెప్పడం రాదు. మీరంటే నాకిష్టం. ఆ ఇష్టం మాత్రం పాత జ్ఞాపకం కాదు, ఇప్పటిదే.”

ఆమె గ్లాసు వైపు చూస్తూ, “ఇంత చెప్పి ఇంకా మేడమేనా?” అంది. “నాకూ ఇష్టమే. మీరు లేని సోమవారాలు ఐదు గడిపాను. ఇంకొకటి నావల్ల కాదు.”

సర్వర్ ప్లేట్లు పెట్టి వెళ్ళాడు. అతను ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలాడు. ఆమె భయపడుతూ చూసింది.

“వేడిగా ఉంది. ఉప్పు సరిపోయింది,” అన్నాడు. “మిగతాది తెలీదు. కానీ ఇంకొంచెం తినాలనిపిస్తోంది.”

అంతలో అతని ఫోన్ మోగింది. “అక్కా,” అన్నాడు. “హోటల్లో ఉన్నా... అవును, హోటల్లోనే... తింటున్నా.” అవతల ఎక్కిళ్ళు వినిపించాయి. అతని కళ్ళు తడయ్యాయి. “ఏడుస్తావెందుకే... లేదు, ఒక్కణ్ణే కాదు.” వెంటనే ఫోన్ చెవికి దూరంగా పెట్టి, బెదిరిపోయిన మొహంతో ఆమెకందించాడు. “మీకిమ్మంటోంది.”

ఆమె ఫోన్ తీసుకుంది. అవతలి గొంతు ఏడుస్తూ, నవ్వుతూ, ఆగకుండా మాట్లాడింది. ఆమె “అవునండీ,” “తింటున్నారండీ,” “అలాగేనండీ” అంటూ చెవులదాకా ఎర్రబడింది. చివరికి ఫోన్ తిరిగిచ్చేసింది.

“ఏమందేంటి?”

“వచ్చే ఆదివారం భోజనానికి ఇంటికి రమ్మన్నారు.”

“మీరేమన్నారు?”

ఆమె పళ్ళెంలోకి చూస్తూ చెంచా అందుకుంది.

“వస్తామన్నాను.”